పెంపుడు కుక్కల్లో కదలిక లోపాలు: భంగిమ, దినచర్యల పరిశీలన ద్వారా తొలి దశలో గుర్తింపు

సారాంశం

కుక్కలు దీర్ఘకాలిక నొప్పిని సాధారణంగా అరుపు ద్వారా కాక అలవాట్లలో మార్పు ద్వారా వ్యక్తం చేస్తాయి. నిలుచునే తీరు, కూర్చునే తీరు, లేచే తీరు, నడక, దినచర్య అనే ఐదు అంశాలను క్రమపద్ధతిలో పరిశీలిస్తే కీళ్లు, కండరాలు, నరాలకు సంబంధించిన లోపాలను ఏ పరికరమూ లేకుండానే అనుమానించవచ్చు. ఆ పరిశీలనా విధానం, తక్షణ వైద్యం అవసరమయ్యే లక్షణాలు, యజమాని పాటించవలసిన జాగ్రత్తలు, విస్తరణ శాస్త్రవేత్త నిర్వహించవలసిన పాత్ర ఈ వ్యాసంలో వివరించడమైనది.

పరిచయం

గ్రామీణ కుటుంబంలో ఆవు, గేదె, గొర్రె అనారోగ్యం పాలైతే ఆ నష్టం పాల క్యాన్లోనో సంతలోనో వెంటనే తెలుస్తుంది. కుక్క విషయంలో అలాంటి లెక్క ఉండదు. అయినప్పటికీ పొలం కాపలా, గొర్రెల మందల రక్షణ, ఇంటి భద్రత అనేక ప్రాంతాల్లో దానిపైనే ఆధారపడి ఉన్నాయి. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను అదుపు చేయడానికి జొనంగి కుక్కలను వినియోగించిన సంప్రదాయం మనకు తెలిసినదే. నడవలేని కుక్క ఈ పనుల్లో దేనికీ పనికిరాదు. పైగా అది రోజంతా నొప్పిని అనుభవిస్తూ ఉంటుంది.

ఈ రచయిత సస్యశాస్త్ర విభాగానికి చెందినవాడు. పశువైద్యుడు కాడు. ఈ అంశంపై ఆసక్తి కలగడానికి కారణం తాను చేసిన ఒక పొరపాటు. కొన్నేళ్ల క్రితం మా పరిశోధన క్షేత్రంలో ఒక కాపలా కుక్క ఉండేది. సాయంత్రం నేను మళ్లకు వెళ్లినప్పుడల్లా పిల్లకాలువను ఒక్క ఉదుటున దూకి గట్టు మీదికి వచ్చేది. ఒక శీతకాలంలో అది దూకడం మానివేసి, తూము మీదుగా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టింది. "ఈ మధ్య ఇది కాలవ దూకడం లేదు సార్" అని కాపలాదారు నాతో చెప్పాడు. "దానికీ వయసు వస్తుంది కదయ్యా" అని నేను బదులిచ్చాను. నాలుగు నెలల తరువాత వేరే పని మీద వచ్చిన ఒక పశువైద్య మిత్రుడు దానిని చూసి, ఎడమ తొడ కండరం కుడి తొడకంటే బాగా తగ్గిపోయిందని చూపించారు. తుంటి కీలు అప్పటికే అరిగిపోయింది. కుక్క వయసు ఆరేళ్లు మాత్రమే. చికిత్సతో నొప్పి తగ్గింది. కాని పోయిన కండరం పూర్తిగా తిరిగి రాలేదు, ఆ కుక్క మళ్లీ కాలువ దూకనూ లేదు.

పైరు ఆకు వాలితే కారణం వెతికే శాస్త్రవేత్త, కుక్క దూకడం మానితే వయసు అని సరిపెట్టుకోవడం సమంజసం కాదు. వయసు ఒక వ్యాధి కాదు. వయసు పేరుతో మనం వదిలివేసే లక్షణాల్లో చాలావాటికి నొప్పి కారణమై ఉంటుంది. ఆ నొప్పికి చికిత్స కూడా ఉంటుంది.

నొప్పి బయటపడకపోవడానికి కారణాలు

కుక్కకు నాలుగు కాళ్లు ఉండటం వలన ఒక కాలిపై భారం తగ్గించి మిగిలిన మూడింటిపై సర్దుకోగలదు. సాధారణంగా శరీర భారంలో దాదాపు 60 శాతం ముందు కాళ్లపై, 40 శాతం వెనుక కాళ్లపై ఉంటుంది. వెనుక కాలిలో నొప్పి ఉన్నప్పుడు కుక్క మెడను, తలను కిందికి, ముందుకు చాచి భారాన్ని మరింతగా ముందు కాళ్లకు మళ్లిస్తుంది. ఈ సర్దుబాటు నెమ్మదిగా జరిగినప్పుడు చూసేవారికి కుంటు కనిపించదు. రెండు తుంటి కీళ్లూ ఒకేసారి దెబ్బతిన్నప్పుడు గుర్తించడం మరింత కష్టం. పోల్చి చూడటానికి మంచి కాలు ఉండదు కనుక నడక పొట్టి అడుగులతో, సమంగా ఉన్నట్లే కనిపిస్తుంది.

కొత్త మనుషుల సమక్షంలో, వైద్యశాలలో కుక్క ఉద్వేగంతో ఉంటుంది. ఇంట్లో కుంటే కుక్క అక్కడ చక్కగా నడవడం వైద్యులందరికీ అనుభవమే. అందువలన ఇంటివద్ద, పొలంవద్ద జరిగే పరిశీలనకు ప్రత్యేకమైన విలువ ఉంది.

పరిశీలనకు ప్రాతిపదిక

క్షేత్ర ప్రయోగంలో పోలిక కోసం నియంత్రణ మడి ఎంత అవసరమో ఇక్కడ కూడా అంతే అవసరం. కుక్కను పరిశీలించేటప్పుడు రెండు పోలికలను వాడుకోవాలి. మొదటిది, ఎడమ కాలును కుడి కాలితో పోల్చడం. రెండవది, నేటి ప్రవర్తనను ఆరు నెలల క్రితం నాటి ప్రవర్తనతో పోల్చడం. మొదటి పోలికను పరిశీలకుడు స్వయంగా చేయగలడు. రెండవ పోలికకు అవసరమైన సమాచారం యజమాని వద్ద మాత్రమే ఉంటుంది. ఒక కుక్కను మరొక కుక్కతో పోల్చడం అంతగా ఉపయోగపడదు. జాతిని బట్టి, శరీర నిర్మాణాన్ని బట్టి నిలుచునే తీరు, నడక మారుతూ ఉంటాయి.

నిలుచున్నప్పుడు

కుక్కను సమతలంగా, జారకుండా ఉండే నేలపై నిలబెట్టి ముందునుంచి, వెనుకనుంచి, ఇరుపక్కలనుంచి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నాలుగు కాళ్లపైనా స్థిరంగా నిలుస్తుంది. కింది తేడాలను నమోదు చేసుకోవాలి.

1. ఒక కాలు వేళ్ల చివర మాత్రమే నేలకు ఆనడం, లేదా ఆ కాలిని మాటిమాటికి ఎత్తిపెట్టడం.
2. వెనుక కాళ్లు పొట్ట కిందికి చేరి, ముందు కాళ్లు ఎడంగా ఉండటం. భారం ముందుకు మళ్లుతున్నదనడానికి ఇది సూచన.
3. వీపు విల్లులా పైకి వంగి ఉండటం. ఇది వెన్నెముక నొప్పి వలన గాని, కడుపునొప్పి వలన గాని, వెనుక కాళ్ల భారాన్ని తప్పించుకొనే ప్రయత్నం వలన గాని కలుగవచ్చు.
4. తల కిందికి దించి, మెడను బిగించి ఉంచడం. పక్కకు పిలిచినప్పుడు మెడ తిప్పక శరీరమంతా తిప్పడం మెడనొప్పికి గుర్తు.
5. తొడ కండరాల్లో ఎడమ, కుడి తేడా. వెనుకనుంచి రెండు చేతులతో రెండు తొడలను ఒకేసారి మృదువుగా పట్టి చూస్తే కంటికి కనిపించని తేడా కూడా తెలుస్తుంది.

కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు

ఆరోగ్యంగా ఉన్న కుక్క కూర్చున్నప్పుడు రెండు మోకాళ్లూ సమంగా ముడుచుకుంటాయి, పాదాలు శరీరం కిందికి వస్తాయి. ఒక వెనుక కాలును పూర్తిగా ముడవక పక్కకు చాచి కూర్చోవడం మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంట్ దెబ్బతిన్న కుక్కల్లో తరచుగా కనిపిస్తుంది. అయితే కుక్కపిల్లలు స్వభావసిద్ధంగానే వంకరగా కూర్చుంటాయి. కనుక ఈ ఒక్క లక్షణంతో నిర్ణయానికి రాకూడదు. ఇంతకాలం సరిగా కూర్చున్న పెద్ద కుక్క ఇప్పుడు కాలు చాచి కూర్చుంటున్నదా అన్నదే ముఖ్యం.

లేచే తీరు మరింత సమాచారం ఇస్తుంది. వెనుక కాళ్లలో నొప్పి ఉన్న కుక్క ముందు కాళ్లతో శరీరాన్ని లాగి, వెనుక భాగాన్ని ఆలస్యంగా లేపుతుంది. ఒక్కోసారి సగం లేచి మళ్లీ కూలబడుతుంది. పడుకొనేముందు చాలాసేపు తిరిగి, చివరకు ధబ్బున పడటం, ఎల్లప్పుడూ ఒకే పక్కకు పడుకోవడం కూడా గమనించదగినవి.

నిద్ర లేచిన తరువాతి మొదటి పది అడుగులు అతి ముఖ్యమైనవి. కీళ్ల అరుగుదల ఉన్న కుక్క విశ్రాంతి తరువాత బిగుసుకొని నడుస్తుంది, కొంతదూరం నడిచాక సర్దుకుంటుంది, ఎక్కువ శ్రమ చేసిన నాటి సాయంత్రమో మరునాడో మళ్లీ కుంటుతుంది. శీతకాలపు ఉదయాల్లో ఈ లక్షణం మరింత స్పష్టంగా ఉంటుంది. మధ్యాహ్నం వాడిన మొక్క మరునాటి ఉదయానికి తేరుకుందా లేదా అని చూసినట్లే, ఇక్కడ కూడా ఏ సమయంలో చూశామన్నది పరిశీలనలో భాగం. మధ్యాహ్నం చురుకుగా తిరుగుతున్న కుక్కను చూసి లోపం లేదని తేల్చకూడదు.

నడకలో

నడకను పరిశీలించడానికి గట్టి, సమతల నేల కావాలి. యజమాని తాడును వదులుగా పట్టుకొని తిన్నగా నడిపించాలి. తాడు బిగిస్తే తల కదలిక తెలియదు. మామూలు నడకలో కాళ్లు ఒక్కొక్కటిగా నేలను తాకుతాయి. ట్రాట్ అనే చిరుపరుగులో ఎదురెదురు మూలల కాళ్లు జతగా, అంటే ఎడమ ముందు కాలు కుడి వెనుక కాలితో కలిసి కదులుతాయి. మామూలు నడకలో దాగిన కుంటు చిరుపరుగులో బయటపడుతుంది.

ముందు కాలిలో నొప్పి ఉన్నప్పుడు తల కదలికే ప్రధాన ఆధారం. నొప్పి ఉన్న కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తాకినప్పుడు కిందికి దిగుతుంది. విద్యార్థులు తరచుగా దీనిని తారుమారు చేసుకొని మంచి కాలినే కుంటి కాలుగా రాస్తారు. నొప్పి ఉన్న కాలిపై భారం పడకుండా తలను ఎత్తుతున్నదని గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు.

వెనుక కాలి నొప్పిని వెనుకనుంచి చూడాలి. నొప్పి ఉన్న కాలు నేలను తాకే సమయంలో ఆ పక్క తుంటి భాగం పైకి లేస్తుంది. అడుగు పొట్టిదవుతుంది. రెండు వెనుక కాళ్లనూ కలిపి కుందేలు గెంతినట్లు పరుగెత్తడం తుంటి కీలు వదులుగా ఏర్పడిన కుక్కల్లో కనిపిస్తుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఈ లోపం ఎక్కువ. ఇందులో వంశపారంపర్యతకు పాత్ర ఉన్నందున, సంతానోత్పత్తికి వాడే కుక్కల తుంటి ఎక్స్‌రేలను పరిశీలించి వర్గీకరించేందుకు అమెరికాలో 1966లో ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ అనే సంస్థ ఏర్పడింది. చిన్న జాతుల్లో నడుస్తూ నడుస్తూ రెండు మూడు అడుగులు ఒక వెనుక కాలు ఎత్తి, మళ్లీ మామూలుగా నడవడం మోకాలిచిప్ప పక్కకు తొలగడాన్ని సూచిస్తుంది. దీనిని ఆటగా భావించి యజమానులు ఉపేక్షిస్తుంటారు.

పొలంలో మరొక సాధనం కూడా మనకు అందుబాటులో ఉంది. తడిసిన గట్టుపై కుక్కను నడిపిస్తే అడుగుజాడలు ఏర్పడతాయి. ఇరుపక్కల అడుగుల దూరంలో తేడా, ఒక పాదం ముద్ర లోతు తక్కువగా ఉండటం, గోళ్లు ఈడ్చిన గీతలు అక్కడే కనిపిస్తాయి.

దినచర్యలో

యజమానిని "మీ కుక్క కుంటుతోందా?" అని అడిగితే లేదనే సమాధానం వస్తుంది. ఫలానా పని మునుపటివలె చేస్తోందా అని అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది. కింది ప్రశ్నలు ఉపయోగకరం.

1. మెట్లు ఎక్కుతోందా, దిగుతోందా? ఎక్కేటప్పుడు వెనుక కాళ్లపై, దిగేటప్పుడు ముందు కాళ్లపై భారం పెరుగుతుంది. ఏది మానివేసిందో అడగాలి.
2. అరుగు, మంచం, బండి ఎక్కడానికి ముందు ఆగి ఆలోచిస్తోందా?
3. మగ కుక్క మూత్ర విసర్జనకు ఇదివరకటివలె కాలు ఎత్తుతోందా? ఒకే పక్క కాలును ఎత్తుతోందా?
4. మలవిసర్జన సమయంలో స్థిరంగా వంగి ఉండగలుగుతోందా, లేక నడుస్తూ చేస్తోందా?
5. నేలపై ఉన్న పాత్రలో తినడానికి మెడ వంచుతోందా?
6. నిద్ర లేచి ఒళ్లు విరుచుకొనే అలవాటు, తడిసినప్పుడు ఒళ్లు విదిలించే అలవాటు కొనసాగుతున్నాయా?
7. నడుము, తొడలు తాకినప్పుడు గుర్రుమంటోందా? పిల్లలకు దూరంగా పోతోందా?
8. ఒకే కీలును పదేపదే నాకుతోందా?

ఏడవ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇంతకాలం సౌమ్యంగా ఉన్న కుక్క హఠాత్తుగా కరవబోవడానికి నొప్పి ఒక కారణం కావచ్చు. దానిని కొట్టడం వలన నొప్పీ తగ్గదు, ప్రమాదమూ తగ్గదు.

యజమాని చెప్పే మాటలకు శాస్త్రీయ విలువ లేదని అనుకోరాదు. హెల్సింకి దీర్ఘకాలిక నొప్పి సూచిక, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన కెనైన్ బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ, లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన లోడ్ ప్రశ్నావళి, ఇవన్నీ యజమాని రోజూ చూసే విషయాలపైనే ఆధారపడి రూపొందించినవి. చికిత్స ఫలితాలను అంచనా వేయడానికి పరిశోధకులు వీటిని వాడుతున్నారు.

పాదాలు, గోళ్ల పరీక్ష

కుంటు కనిపించగానే కీళ్ల వ్యాధి అని భావించక మొదట పాదాన్ని చూడాలి. పొలం కుక్కల్లో తుమ్మముల్లు, పల్లేరుకాయ, గాజుపెంకు, చీలిన గోరు, వేళ్ల సందుల్లో చేరిన పిడుదులు సామాన్య కారణాలు. గోళ్ల అరుగుదల కూడా ఒక ఆధారమే. ఒక పాదం గోళ్లు పొడవుగా మిగిలితే ఆ కాలిపై భారం మోపడం లేదని అర్థం. గోళ్ల పైభాగం అరిగి ఉంటే పాదాన్ని ఈడుస్తున్నదని, నరాల లోపాన్ని అనుమానించాలని అర్థం. జ్వరం, నీరసంతో పాటు కుంటు ఒక కాలినుంచి మరొక కాలికి మారుతుంటే పిడుదుల ద్వారా సంక్రమించే ఎర్లికియోసిస్ వంటి వ్యాధుల కోసం రక్తపరీక్ష అవసరం. నొప్పి ఉన్న పాదాన్ని తాకేముందు యజమానితో మూతికి గుడ్డపట్టీ కట్టించడం క్షేమకరం.

తక్షణ వైద్యం అవసరమైన లక్షణాలు

కింది సందర్భాల్లో పరిశీలనతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని సంప్రదించాలి.

1. కాలిని నేలకు ఏమాత్రం ఆనించకపోవడం, వాపు, ఎముక వంకర.
2. వెనుక కాళ్లు ఒక్కసారిగా పడిపోవడం, పాదం పైభాగం నేలకు తగిలేలా మడతపడి నడవడం, మూత్ర విసర్జనపై అదుపు తప్పడం. డాష్‌హండ్ వంటి పొట్టి కాళ్ల జాతుల్లో వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం వలన ఇలా జరగవచ్చు. ఇందులో గంటలు కూడా ముఖ్యమైనవే.
3. కాలు కండరాలు లయబద్ధంగా అదరడం. ఇది డిస్టెంపర్ వ్యాధిలో కనిపించవచ్చు.
4. కాళ్ల బలహీనతతో పాటు దవడ వేలాడటం, చొంగ కారడం, మింగలేకపోవడం, గొంతు మారడం.

నాలుగవ అంశం మానవ ప్రాణాలకు సంబంధించినది. రేబిస్ వ్యాధిలో కుక్క ఎల్లప్పుడూ రెచ్చిపోయి కరవదు. పక్షవాత రూపంలో అది నెమ్మదిగా, దీనంగా కనిపిస్తుంది. గొంతులో ఎముక ఇరుక్కున్నదని భావించి నోట్లో చేయి పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. అలాంటి కుక్కను తాకక, మనుషులకు, పశువులకు దూరంగా ఉంచి పశువైద్యశాలకు తెలియజేయాలి. కాటు పడినా, చొంగ గాయానికి తగిలినా ఆ భాగాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

యజమాని పాటించవలసిన జాగ్రత్తలు

మనుషులు వాడే నొప్పి మాత్రలను కుక్కకు ఇవ్వరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్కల్లో జీర్ణాశయ పుండ్లను, రక్తస్రావాన్ని, మూత్రపిండాల వైఫల్యాన్ని కలిగించగలవు. మోతాదు మించిన పారాసెటమాల్ కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. డైక్లోఫినాక్ పశువైద్య వినియోగాన్ని రాబందుల మరణాల కారణంగా భారత ప్రభుత్వం 2006లోనే నిషేధించిందన్న విషయం కూడా రైతులకు తెలియజేయాలి.

శరీర బరువు అదుపు అన్నిటికంటే చవకైన చికిత్స. 48 లాబ్రడార్ కుక్కలపై జీవితకాలం పాటు జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. అందులో జతలోని ఒక కుక్కకంటే 25 శాతం తక్కువ ఆహారం పొందిన రెండవ కుక్కల మధ్యస్థ ఆయుర్దాయం 13.0 ఏళ్లు కాగా, ఎక్కువ తిన్న వాటిది 11.2 ఏళ్లు. తక్కువ తిన్న వాటిలో కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా మొదలైంది. వేళ్లతో ఒత్తకుండా నిమిరితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి.

ఎదిగే పిల్లల విషయంలో రెండు వైపులా పొరపాటు జరుగుతోంది. కేవలం పెరుగన్నం లేదా కేవలం మాంసం పెట్టడం వలన ఖనిజ లవణాల సమతుల్యం తప్పి ఎముకలు బలహీనపడతాయి. పెద్ద జాతి పిల్లలకు వైద్య సలహా లేకుండా కాల్షియం మందులు అదనంగా పోయడం వలన ఎముకల పెరుగుదల వికృతమవుతుంది. నున్నని పలకల నేలపై గోనెసంచి లేదా రబ్బరు పట్టా పరచడం, గోళ్లు కత్తిరించడం, ఒకేసారి ఎక్కువ దూరం కాక తక్కువ దూరం ఎక్కువసార్లు నడిపించడం అందరూ చేయగలిగినవే.

విస్తరణ శాస్త్రవేత్త, విద్యార్థి చేయవలసిన పని

వ్యాధి నిర్ధారణ పశువైద్యుని బాధ్యత. పరిశీలన, నమోదు, సకాలంలో పంపడం మన బాధ్యత. క్షేత్ర సందర్శనలో ఐదు నిమిషాలు కేటాయిస్తే ఈ పని పూర్తవుతుంది. యజమాని ఫోనులోనే మూడు చిన్న వీడియోలు తీయించాలి: నిద్ర లేచి మొదటి పది అడుగులు, వెనుకనుంచి నడక, పక్కనుంచి చిరుపరుగు. తేదీ, సమయం రాసి, తీవ్రతను కింది విధంగా నమోదు చేయవచ్చు.

0: లోపం కనిపించలేదు
1: అలవాటులో మార్పు ఉంది, కుంటు లేదు
2: చిరుపరుగులో మాత్రమే కుంటు
3: మామూలు నడకలోనూ స్పష్టమైన కుంటు
4: కాలిపై భారం మోపడం లేదు

ఇందులో 1వ అంచెయే అతి ముఖ్యమైనది. మనం సాధారణంగా 3వ అంచె వరకు ఎదురుచూస్తాం. రెండు వారాలకు మించి 1వ అంచె కొనసాగినా, 2 లేదా ఆపై అంచె కనిపించినా పశువైద్యునికి చూపించమని సలహా ఇవ్వాలి. 4వ అంచె అయితే ఆ రోజే పంపాలి.

అభ్యాసం: ప్రతి విద్యార్థి తనకు తెలిసిన ఒక కుక్కను వారం రోజులపాటు ఉదయం, సాయంత్రం పరిశీలించి, పైన పేర్కొన్న ఎనిమిది ప్రశ్నలకు సమాధానాలు రాయాలి. తరువాత అవే ప్రశ్నలను యజమానిని అడిగి, రెండు జాబితాలనూ పోల్చి, తేడా ఎక్కడ వచ్చిందో చర్చించాలి.

ముగింపు

కుక్కల్లో కదలిక లోపాన్ని మొదట చూసేది నిపుణుడు కాదు. రోజూ దానికి అన్నం పెట్టే వ్యక్తే చూస్తాడు. మా క్షేత్రంలో ఆ మార్పును చూసినవాడు కాపలాదారు. చూసింది చూసినట్లు సకాలంలో చెప్పినవాడూ అతడే. దానిని సమాచారంగా స్వీకరించక మాటగా కొట్టివేసింది నేను. విస్తరణ రంగంలో పనిచేసేవారు రైతు నోట "ఈ మధ్య ఇది ఇలా చేయడం లేదు" అన్న మాట వినపడినప్పుడు, కారణం తమకు తెలిసినట్లు తోచినా సరే, ముందుగా దానిని తేదీతో సహా రాసుకోవాలి.